ఈ కౌలుకి గడువెంత?

(గేమ్‌లు ఆడే విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు అలాగే ఉంచి, పునరుక్తులు మాత్రం తీసేశాం. చివర సభికుల ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. మన పేపర్లలో "గేమింగ్" అని హెడ్డింగ్ కనిపిస్తే చాలాసార్లు అది రమ్మీ వార్తే అయివుంటుంది. నేను మాట్లాడేది దాని గురించి కాదు. డబ్బు పెట్టి కొని, కూర్చుని ఆడుకునే వీడియో గేమ్‌ల గురించి. ఆ "కొని" అన్న మాట దగ్గరే అసలు గొడవంతా.

పొలాలున్న ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ చాలామందే ఉంటారు. పట్టాదారుకీ కౌలుదారుకీ తేడా మీకు చెప్పక్కర్లేదు. దున్నేదీ, పంట తీసేదీ కౌలుదారే. పాస్‌బుక్‌లో పేరు మాత్రం వేరేవాళ్లది. స్టీమ్‌లో, అంటే వాల్వ్ కంపెనీ నడిపే ఆన్‌లైన్ గేమ్ దుకాణంలో, మనం కొనే గేమ్ అలాంటి కౌలే. ఇది నా ఆరోపణ కాదు, వాళ్లే రాసిపెట్టారు. డిజిటల్ వస్తువు కొంటే దక్కేది లైసెన్స్ అని 2024 అక్టోబరు నుంచి వాళ్ల కార్ట్‌లోనే ఒక వాక్యం కనిపిస్తోంది. ఉన్నట్టుండి నిజాయితీ పుట్టుకొచ్చి పెట్టింది కాదు లెండి. కాలిఫోర్నియా రాష్ట్రం ఏబీ 2426 అని ఒక చట్టం చేసింది, 2025 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. ఇచ్చేది లైసెన్సే అయినప్పుడు "కొనండి" అని బటన్ పెట్టాలంటే ఆ సంగతి కొనేవాడికి స్పష్టంగా చెప్పాలని ఆ చట్టం. ఒకసారి దించుకున్నాక నెట్‌తో పనిలేకుండా ఎప్పటికీ వాడుకోగలిగే వాటికి మాత్రం మినహాయింపు ఉంది. ఈ మినహాయింపు గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

కౌలు అన్నందుకు నాకు కోపం లేదు. పుస్తకం కొన్నా అందులోని కథ మీద హక్కు మనకి రాదు కదా. నా అభ్యంతరం ఇంకోటి. కౌలు కాగితంలో గడువు రాయకుండా ఎవరైనా సంతకం పెడతారా? గేమ్ కౌలులో ఆ గడువే ఉండదు. డబ్బు మొత్తం ముందే కట్టాలి. ఎప్పుడు ఖాళీ చేయాలో యజమాని తర్వాత చెబుతాడు.

ది క్రూ సంగతి చూడండి. యుబిసాఫ్ట్ 2014 డిసెంబరులో విడుదల చేసిన కార్ల గేమ్. అమెరికా మొత్తాన్ని కుదించి ఒక మ్యాప్‌గా చేశారు, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తోలుకుంటూ పోవచ్చు. ఒంటరిగా ఆడుకునే కథ కూడా ఉంది. కానీ ఒంటరిగా ఆడుతున్నా సరే, సర్వర్‌తో, అంటే కంపెనీ దగ్గరుండే కంప్యూటర్‌తో, మాట్లాడనిదే గేమ్ మొదలవదు. 2023 డిసెంబరులో అమ్మకం ఆపారు. 2024 మార్చి 31న సర్వర్లు ఆపారు. ఆ తర్వాత కొన్నవాళ్ల లైబ్రరీల్లోంచి లైసెన్సులు కూడా వెనక్కి తీసుకున్నారు. డిస్క్ కొన్నవాళ్ల దగ్గర డిస్క్ మిగిలింది, టీ గ్లాసు కింద పెట్టుకోడానికి. (నవ్వులు) దీని మీద అదే ఏడాది నవంబరులో కాలిఫోర్నియాలో కొందరు దావా వేశారు. గేమ్ డబ్బాలోని యాక్టివేషన్ కోడ్‌కి గడువు 2099 అని రాసి ఉందన్నది వాళ్ల వాదనల్లో ఒకటి. చూశారా, గడువు ఎక్కడో ఒకచోట కనిపించింది, అదీ డెబ్బై అయిదేళ్లు తేడాగా.

ఇప్పుడు మన నెట్ సెంటర్లకు రండి. కౌంటర్ స్ట్రైక్ 1.6. దానికి అసలు ఇంటర్నెట్టే అక్కర్లేదు. ఒక సిస్టమ్‌లో న్యూ గేమ్ నొక్కి డస్ట్2 మ్యాప్ ఎంచుకుంటే ఆ సిస్టమే సర్వర్ అయిపోతుంది. పక్క సిస్టమ్‌లో కన్సోల్ తెరిచి "కనెక్ట్" అని దాని ఐపీ (నెట్‌వర్క్ చిరునామా), అంటే 192.168.1.5 లాంటిది, కొడితే లోపలికి వెళ్లిపోతాం. పోర్టు 27015, మార్చకపోతే టైపు చేయక్కర్లేదు. విడిగా నడిపే డెడికేటెడ్ సర్వర్ ప్రోగ్రామును కూడా కంపెనీయే ఇచ్చింది. ఈ గేమ్ మొదట్లో వాడిన వాన్ అనే ఆన్‌లైన్ వ్యవస్థను 2004లో మూసేశారు. ఒక రూములో కేబుల్ కలుపుకుని ఆడేవాళ్లకి ఆ సంగతి తెలియనే తెలియదు. ఆ సెంటర్లలో కాపీలు ఎక్కడివని మాత్రం అడక్కండి. (నవ్వులు) పదేళ్లకు పైగా తేడాతో వచ్చిన రెండు ఆటలు. పాతది ఈ రాత్రికి కూడా నడుస్తుంది. కొత్తది కంపెనీ సర్వర్ ఆపగానే ఆగిపోయింది. సాంకేతికత వెనక్కి నడిచిందని కాదు దీని అర్థం. సర్వర్ ఎవరి చేతిలో ఉండాలన్న నిర్ణయం మారింది, అంతే.

ఈ మూసివేతలన్నీ ఒకేలా ఉండవు. ఎక్కువమంది ఇక్కడే పొరబడతారు. మనవాళ్లందరికీ తెలిసిన పబ్‌జీ మొబైల్‌తో చెబుతాను. 2020 సెప్టెంబరు 2న కేంద్రం నిషేధించింది. అక్టోబరు 30న ఇండియాలో సేవలు ఆపేశారు. ఫోన్‌లో యాప్ ఉంది, డబ్బులు పెట్టి కొన్న డ్రెస్సులూ తుపాకుల రంగులూ ఉన్నాయి, తెరిస్తే మాత్రం ఏమీ లేదు. 2021 జులైలో బీజీఎంఐగా మళ్లీ వచ్చింది. పాత అకౌంట్‌లోని సామాను కొత్తదాంట్లోకి మార్చుకునే వీలు కొంతకాలం ఇచ్చారు. ఆ కాలంలో మార్చుకోని వాళ్లది పోయింది. ఆ తర్వాత 2022 జులైలో బీజీఎంఐని కూడా ప్లే స్టోర్, యాప్ స్టోర్లలోంచి తీసేశారు. కానీ ఈసారి ఫోన్‌లో అప్పటికే ఉన్నవాళ్లు ఆడుతూనే ఉన్నారు. ఎందుకు? మొదటిసారి ఆగింది సర్వర్, రెండోసారి ఆగింది దుకాణం. దుకాణం మూస్తే ఇంట్లో ఉన్న బియ్యానికి ఏమీ కాదు. సర్వర్ ఆపడమంటే పొయ్యి ఎత్తుకుపోవడం.

నింటెండో కంపెనీ గేమ్ మెషీన్లు వీ యూ, 3డీఎస్‌ల దుకాణం 2023 మార్చి 27న మూశారు, ఆన్‌లైన్ ఆట 2024 ఏప్రిల్‌లో ఆపారు. ఏడాది తేడా ఉంది. ఎక్స్‌బాక్స్ 360 దుకాణం 2024 జులై 29న మూతపడింది. కొన్నవి దించుకోవచ్చు, కొత్తగా కొనలేం. కాబట్టి ఫలానాది మూసేస్తున్నారని వార్త వస్తే మొదట అడగాల్సింది ఏది మూస్తున్నారని. దుకాణమా, మళ్లీ దించుకునే వీలా, సర్వరా? దుకాణమైతే తాపీగా ఉండొచ్చు. దించుకునే వీలైతే ఆ రోజే హార్డ్ డిస్క్ కొనండి.

మీ దగ్గరున్న గేమ్ ఏ రకమో తెలుసుకునే పరీక్ష ఒకటుంది. వైరు పీకి చూడటం. పీసీలో ఇలా చేయండి. గేమ్ ఇన్‌స్టాల్ చేసి, నెట్ ఉండగా ఒకసారి తెరవండి. షేడర్లు (బొమ్మలు గీసే చిన్న ప్రోగ్రాములు) తయారవనివ్వండి, మెయిన్ మెనూ దాకా వెళ్లి బయటికి రండి. ఇది ముఖ్యం, మొదటిసారి తెరిచినప్పుడే చాలా గేమ్‌లు అనుమతి టోకెన్ తెచ్చుకుంటాయి. తర్వాత స్టీమ్ మెనూలో గో ఆఫ్‌లైన్ నొక్కండి. రౌటర్ ఆపేయండి. ఫోన్ హాట్‌స్పాట్ దానంతటదే కలిసిపోతుంది, దాన్నీ ఆపండి. సిస్టమ్ రీస్టార్ట్ చేసి గేమ్ తెరవండి. పూర్తిగా తెరుచుకుని, సేవ్ చేసి, ఆ సేవ్ మళ్లీ లోడ్ అయితే కౌలు కాస్త గట్టిదే. మధ్యలో ఇంకో లాంచర్, అంటే గేమ్ తెరిచే ప్రోగ్రాము, లేచి లాగిన్ అడిగితే మీకు ఇద్దరు యజమానులున్నారని అర్థం, స్టీమ్ ఒకటి, ఆ పబ్లిషర్ ఒకటి. ఇద్దరిలో ఎవరు తలుపు మూసినా మీరు బయటే.

దీనికి పై పరీక్ష ఇంకోటి ఉంది. స్టీమ్‌యాప్స్ ఫోల్డర్ లోపల కామన్ అని ఉంటుంది, అందులో గేమ్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకుని స్టీమ్ లేని సిస్టమ్‌లో పెట్టి ఈఎక్స్‌ఈ (గేమ్ తెరిచే ఫైలు) నొక్కండి. కొన్ని గేమ్‌లు తెరుచుకుంటాయి! స్టీమ్‌లో అమ్మినంత మాత్రాన తాళం, అంటే కాపీ చేసి వాడకుండా వేసే అడ్డు, తప్పనిసరి కాదు, తాళం వేయాలా వద్దా అన్నది గేమ్ చేసినవాళ్ల ఇష్టం. విజువల్ సీ రన్‌టైమ్ డీఎల్ఎల్ దొరకలేదని ఎర్రర్ వస్తే అది తాళం కాదు, కంగారు పడకండి. స్టీమ్ పెట్టే కామన్‌రీడిస్ట్ ఫోల్డర్లో ఆ ఇన్‌స్టాలర్లు ఉంటాయి, వాటిని కూడా కాపీ చేసుకోవాలి. డెనువో అనే తాళం ఉన్న గేమ్ అయితే ఈ పరీక్షలో గెలవదు. అది మెషీన్ వివరాలతో టోకెన్ కట్టేస్తుంది. ప్రాసెసర్ మార్చినా, ఒక్కోసారి విండోస్ పెద్ద అప్‌డేట్ పడినా కొత్త టోకెన్ కావాలి, దానికి నెట్ కావాలి. వెంట వెంటనే మెషీన్లు మారుస్తూ పోతే ఒక రోజు ఆగమంటుంది.

పరీక్ష ఎప్పుడు చేయాలి? కొన్న రోజే. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల్లోపు అయితే డబ్బు వెనక్కిస్తారు. డౌన్‌లోడ్ సమయం ఆ రెండు గంటల్లోకి రాదు. పైన చెప్పిన పరీక్షకి అరగంట చాలు. ఈ రిఫండ్ పద్ధతి 2015 జూన్‌లో వచ్చింది. అంతకుముందు రిఫండ్ ఇచ్చేది లేదని చెబుతూ వచ్చినందుకు ఆస్ట్రేలియా కోర్టు వాల్వ్‌కి 30 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. జీవోజీ అనే ఇంకో గేమ్ దుకాణంలో 30 రోజులు, ఆడినా సరే. ప్లేస్టేషన్ స్టోర్‌లో మాత్రం డౌన్‌లోడ్ మొదలుపెడితే మామూలుగా రిఫండ్ ఉండదు. అంటే అక్కడ పరీక్ష చేసే అవకాశమే లేదు, ముందే తెలుసుకుని కొనాలి.

"ఇదంతా ఎందుకు, డిస్క్ కొంటే సరి" అనేవాళ్లున్నారు. డిస్క్‌కి ఒక గొప్ప గుణం ఉంది, తిరిగి అమ్ముకోవచ్చు. ఆడేసి అమ్మి, ఆ డబ్బుకి కొంత కలిపి ఇంకోటి కొనుక్కునే పద్ధతి మన ఊళ్లలో బాగానే నడుస్తుంది. డిజిటల్‌లో అది లేదు. ఫ్రాన్స్‌లో ఒక వినియోగదారుల సంఘం దీని మీద వాల్వ్‌తో పోరాడి 2019లో పారిస్ కోర్టులో గెలిచింది, 2022లో అప్పీలులో ఓడింది, 2024 అక్టోబరులో పై కోర్టు కూడా ఆ ఓటమినే ఖాయం చేసింది. ఆ తలుపు అక్కడికి మూసుకుంది.

కానీ డిస్క్ ఉంటే గేమ్ ఉన్నట్టే అనుకోవద్దు. పీఎస్5 (సోనీ ప్లేస్టేషన్ 5) డిస్క్‌లో 100 జీబీ దాకా పడుతుంది. 2022లో వచ్చిన మోడర్న్ వార్‌ఫేర్ 2 డిస్క్‌లో ఉన్నది సుమారు 70 ఎంబీ. మిగతాదంతా డౌన్‌లోడే. అరిటాకు వేసి ఉప్పు మాత్రం వడ్డించి, అన్నం ఊరవతల ఉంది వెళ్లి తెచ్చుకోమన్నట్టు. నింటెండో స్విచ్ 2లో దీన్ని దాచకుండా గేమ్ కీ కార్డ్ అని పేరు పెట్టి అమ్ముతున్నారు. డబ్బా ముందువైపు కింద పట్టీ మీద తాళంచెవి బొమ్మ ఉంటుంది, అది చూసి కొనండి. కార్డులో గేమ్ ఉండదు, దించుకోవాలి, ఆడేటప్పుడు కార్డు పెట్టాలి. తిరిగి అమ్ముకోవచ్చు, అదొక్కటి మిగిలింది. పీఎస్5కి విడిగా బిగించుకునే డిస్క్ డ్రైవ్‌కి కూడా మొదటిసారి నెట్‌లో నమోదు కావాలి.

పీఎస్4 ముచ్చట ఇంకా విచిత్రం. లోపల గడియారం కోసం సీఆర్2032 బిళ్ల ఒకటి ఉంటుంది, వాచీ షాపులో దొరికేదే. అది అయిపోతే గడియారం తప్పుతుంది. టైము సరిచేసుకోవాలంటే సోనీ సర్వర్‌ని అడగాలి. సర్వర్ దొరక్కపోతే డిజిటల్ గేమ్‌లే కాదు, డిస్క్ గేమ్‌లు కూడా తెరుచుకునేవి కావు. ట్రోఫీ, అంటే ఆటలో గెలిచిన గుర్తు, ఏ తేదీన వచ్చిందో ఎవరూ మోసం చేయకూడదని పెట్టిన కాపలా మొత్తం మెషీన్‌కే ఉరి అయింది. ఆటగాళ్లు గోల చేశాక 2021 సెప్టెంబరులో 9.00 అప్‌డేట్‌తో సరిచేశారు. అటక మీద పీఎస్4 ఉన్నవాళ్లు ఆ అప్‌డేట్ పడిందో లేదో సెట్టింగ్స్‌లో చూసుకోండి. ఇప్పుడైతే పడుతుంది.

జీటీఏ వైస్ సిటీ ఆడనివాళ్లు ఈ హాల్లో ఉండరు. కారెక్కి రేడియో పెట్టుకోవడమే ఆ ఆటలో సగం మజా. ఆ పాటలకి లైసెన్సులుంటాయి, వాటికి మాత్రం గడువులు పక్కాగా రాసి ఉంటాయి! పాటల హక్కుల గొడవతో 2012లో స్టీమ్‌లోంచి కొంతకాలం మాయమై, కొన్ని పాటలు తీసేసిన రూపంలో తిరిగొచ్చింది. అదే వరుసలోని శాన్ ఆండ్రియాస్‌లోంచి కూడా 2014లో కొన్ని పాటలు పోయాయి. జీటీఏ 4 వచ్చి పదేళ్లయిన 2018లో వ్లాదివొస్తోక్ ఎఫ్ఎం అనే స్టేషన్ పాటలు దాదాపు మొత్తం మార్చేశారు. మీరు కొన్న కాపీలోంచే, అప్‌డేట్ రూపంలో వచ్చి తీసుకెళ్లారు. ఫోర్జా హొరైజన్ 4ని 2024 డిసెంబరు 15న అమ్మకంలోంచి తీశారు, అందులో ఉన్నవి నిజమైన కంపెనీల కార్లు కదా. పాటల కంపెనీ, కార్ల కంపెనీ తమ కౌలుకి గడువు రాయించుకోగలిగాయి. డబ్బు కట్టే మనమే రాయించుకోలేదు.

కంపెనీల వైపు మాట కూడా చెప్పాలి. సర్వర్ నడపడానికి నెలనెలా ఖర్చుంటుంది, పదిమంది ఆడే గేమ్‌కి అది దండగే. సర్వర్ కోడ్ ఇచ్చేయండి అంటే అందులో వేరే కంపెనీల నుంచి లైసెన్స్‌కి తీసుకున్న భాగాలుంటాయి, అవి పంచే హక్కు వీళ్లకి లేదు. ఆటగాళ్లు నడిపే సర్వర్లలో జరిగేదానికి తామెలా బాధ్యులమని యూరప్ గేమ్ కంపెనీల సంఘం అడుగుతోంది. ఈ మూడింటిలో రెండోదే నిజమైన చిక్కు. దానికి మందు మొదట్లో వేయాలి. సర్వర్‌ని ఎలా కడుతున్నామో తెలిసినప్పుడు, రేపు విడదీయడానికి వీలుగా కడితే ఖర్చు తక్కువ. ఆఖర్లో అయితే ఆ టీమే ఉండదు. అందరినీ ఇంటికి పంపాక ఆఫ్‌లైన్ ప్యాచ్ ఎవరు రాస్తారు?

చేయడం అసాధ్యమని మాత్రం ఎవరూ అనలేరు. నాకౌట్ సిటీ వాళ్లు 2023 జూన్‌లో మూసేస్తూ ఆటగాళ్లే నడుపుకునే సర్వర్ ఇచ్చి వెళ్లారు. గ్రాన్ టురిస్మో స్పోర్ట్ 2024 జనవరిలో సర్వర్లు ఆపుతూ సేవ్ కన్సోల్‌లోనే పడేలా మార్చింది. రెడ్‌ఫాల్ స్టూడియో మూతపడుతూ కూడా చివరి ప్యాచ్‌లో ఆఫ్‌లైన్ పెట్టింది. ది క్రూకే రెండో భాగం ఉంది, దానికి యుబిసాఫ్టే 2025లో ఆఫ్‌లైన్ పద్ధతి తెచ్చింది. మొదటిదానికి అదే ఏడాది సెప్టెంబరులో అభిమానులు సొంతంగా సర్వర్ రాసుకుని బతికించారు. కంపెనీ సాయం లేకుండా! ఈ ది క్రూ ఘటనతోనే రాస్ స్కాట్ అనే యూట్యూబర్ స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమం మొదలుపెట్టాడు, యూరప్‌లో వాళ్ల వినతికి 2025 జులైలో 10 లక్షల సంతకాలు దాటాయి. సర్వర్లు ఎప్పటికీ నడపమని వాళ్లు అడగట్లేదు. వెళ్లేటప్పుడు తాళంచెవి గుమ్మం మీద పెట్టి వెళ్లమంటున్నారు.

ఇక ఆ మినహాయింపు. ఒకసారి దించుకుని ఎప్పటికీ వాడుకోగలిగేవి. జీవోజీలో ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్లు దొరుకుతాయి. ఒక సెటప్ ఈఎక్స్‌ఈ, పెద్ద గేమ్ అయితే దానికి తోడు 4 జీబీ లోపు ముక్కలుగా .బిన్ ఫైళ్లు. అన్నీ ఒకే ఫోల్డర్లో ఉండాలి, ఒక్క ముక్క తగ్గినా ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోతుంది. పాత ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో ఈ ముక్కలు పట్టినా, 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, అలాంటివి కూడా దాచాలంటే డ్రైవ్‌ని ఎక్స్‌ఫ్యాట్ చేసుకోండి. ఏళ్ల తరబడి దాచడానికి ఎస్ఎస్‌డీ వద్దు, కరెంటు తగలకుండా చాలాకాలం పడుంటే అందులోని డేటా కారిపోతుంది. మామూలు తిరిగే హార్డ్ డిస్కే మేలు, అదీ రెండు, ఒకటి వేరే ఇంట్లో. కాపీ చేశాక విండోస్‌లోనే ఉండే సర్ట్‌యుటిల్‌తో ప్రతి ఫైలుకీ ఎస్‌హెచ్‌ఏ256, అంటే ఫైలు వేలిముద్ర లాంటి కోడ్, తీసి ఒక టెక్స్ట్ ఫైల్లో పెట్టుకోండి. ఏడాదికోసారి మళ్లీ తీసి పోల్చండి. తేడా వచ్చిన ఫైలు పాడైనట్టు, రెండో డిస్క్ లోంచి తెచ్చుకోవాలి. సేవ్‌లు చాలావరకు గేమ్ ఫోల్డర్లో ఉండవు, డాక్యుమెంట్స్‌లోనో యాప్‌డేటాలోనో ఉంటాయి. ఎక్కువమంది మరిచేది వాటినే.

ఇప్పుడు మీరు అడగండి.

ప్రశ్న: మా అన్నయ్య స్టీమ్ అకౌంట్‌లో మూడొందల గేమ్‌లున్నాయి. ఆ అకౌంట్ నా పేరు మీదికి మార్చుకోవచ్చా అండి?

ఒప్పందం ప్రకారం కుదరదు. అకౌంట్ అమ్మకూడదు, బదిలీ చేయకూడదు, వీలునామాలో రాసినా వాళ్లు ఒప్పుకోరు. ఇంట్లోవాళ్లు పంచుకోవడానికి 2024లో స్టీమ్ ఫ్యామిలీస్ వచ్చింది, మొత్తం ఆరుగురు. వేరే వేరే గేమ్‌లైతే ఒకేసారి ఆడుకోవచ్చు. ఒకరు బయటికెళ్తే ఆ ఖాళీ ఏడాది దాకా నిండదు. ఇంకో మెలిక ఉంది. మీ అన్నయ్య గేమ్‌లో మీరు చీటింగ్ చేసి దొరికితే అన్నయ్యకీ బ్యాన్ పడుతుంది. (నవ్వులు) అక్కడ జాగ్రత్త.

ప్రశ్న: బ్యాకప్ తీసుకోవడం మన దేశంలో నేరమా?

మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో, న్యాయంగా సంపాదించుకున్న కంప్యూటర్ ప్రోగ్రామ్ పాడైపోకుండా బ్యాకప్ కాపీ తీసుకోవచ్చని ఉంది. తాళం పగలగొట్టే విషయం 65ఏ చూసుకుంటుంది. హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో పగలగొడితే రెండేళ్ల దాకా జైలు. ఆ ఉద్దేశం అన్న మాట దగ్గర లాయర్లు వాదించుకోవచ్చు. నేను లాయర్ని కాను కాబట్టి తాళం లేని చోట కొనుక్కోమంటాను.

ప్రశ్న: ఇంట్లో పాత గేమ్ సీడీలు ఒక సంచీడు ఉన్నాయి సార్. ఏం చేయాలి?

ముందు ఆశ తగ్గించుకోండి. 2000 ప్రాంతం సీడీల్లో సేఫ్‌డిస్క్ అనే తాళం ఉన్నవి విండోస్ 10 మీద నడవవు, ఆ డ్రైవర్‌ని మైక్రోసాఫ్ట్ భద్రత కోసం 2015లో ఆపేసింది. మిగతావి నడవొచ్చు. సీడీని అంచు పట్టుకుని, మెత్తటి గుడ్డతో మధ్య నుంచి బయటికి తుడవండి, గుండ్రంగా తిప్పుతూ తుడవకండి. కాపీ తీసేటప్పుడు ఐఎస్ఓ అనే ఒక్క ఫైలుగా కొట్టేస్తారు అందరూ. ఆ కాలపు గేమ్‌లు చాలావాటిలో సంగీతం పాటల సీడీలో లాగే వేరే ట్రాకులుగా ఉంటుంది. ఐఎస్ఓలో డేటా ట్రాకు ఒక్కటే వస్తుంది, గేమ్ ఆడుతుంది కానీ మూగగా. బిన్, క్యూ అని రెండు ఫైళ్లు వచ్చేలా తీయండి. చివరగా, సీడీ కీ, అంటే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అడిగే కోడ్. అది సీడీ మీద ఉండదు, డబ్బా వెనకో మాన్యువల్ వెనకో స్టిక్కర్ మీద ఉంటుంది. దాన్ని ఫొటో తీసి ఆ బిన్ ఫైలు పక్కనే పెట్టండి. సీడీ బాగానే ఉండి స్టిక్కర్ ఊడిపోయినవి సగం ఇన్‌స్టాల్‌లో ఆగిపోతాయి.